రొమ్ములో గడ్డకు స్క్రీనింగ్ ప్యాకేజీ సమాధానం కాదు

ప్రతి సంవత్సరం అక్టోబరు మాసం రాగానే మన నగరాలలో గులాబిరంగు రిబ్బన్లు కనిపిస్తాయి. డయాగ్నస్టిక్ సెంటర్లు రాయితీ ధరలకు మామోగ్రామ్ ప్యాకేజీలను ప్రకటిస్తాయి. కార్యాలయాలలో, అపార్టుమెంట్లలో శిబిరాలు జరుగుతాయి. రొమ్ము అనే మాటను నలుగురిలో పలకడానికే సంకోచించిన సమాజంలో ఈ మాత్రం చర్చ జరగడం మంచిదే. దానిని నేను తప్పుపట్టను. అయితే ఈ ప్రచారం వెంట ఒక అపోహ కూడా ఇంటింటికీ చేరింది. రొమ్ము విషయంలో ఏ అనుమానం కలిగినా ఒక ప్యాకేజీ కొనుక్కుని మామోగ్రామ్ తీయించుకుంటే చాలునని, అందులో ‘నార్మల్’ అని వస్తే ఇక నిశ్చింతగా ఉండవచ్చునని చాలామంది నమ్ముతున్నారు. దురదృష్టవశాత్తు కొందరు వైద్యులు కూడా ఆ నమ్మకానికి అనుగుణంగానే చీటీలు వ్రాస్తున్నారు.

ఈ వ్యాసంలో నా వాదం ఒక్కటే. చేతికి గడ్డ తగిలిన స్త్రీకి, చనుమొన నుండి నెత్తురు కారుతున్న స్త్రీకి కావలసినది స్క్రీనింగ్ కాదు, రోగనిర్ధారణ. ఈ రెండింటినీ ఒకే గాట కట్టడం వలన స్త్రీలు నష్టపోతున్నారు. ఆ నష్టానికి మూలం తరచుగా వైద్యుడు హడావిడిగా వ్రాసి ఇచ్చే రిఫరల్ చీటీలోనే ఉంటుంది.

స్క్రీనింగ్ వేరు, నిర్ధారణ వేరు

ఏ బాధా, ఏ లక్షణమూ లేని ఆరోగ్యవంతులలో దాగి ఉన్న వ్యాధిని వెదకడం స్క్రీనింగ్. అది అందరికీ ఒకే పద్ధతిలో జరుగుతుంది. ఒక్కొక్క రొమ్ముకు రెండేసి చిత్రాలు తీస్తారు. పైనుండి క్రిందికి ఒకటి, ఏటవాలుగా మరొకటి. ఆ సమయంలో రేడియాలజిస్టు అక్కడ ఉండనవసరం లేదు. చిత్రాలను తరువాత తీరికగా చూడవచ్చు.

లక్షణం ఉన్న స్త్రీ విషయం అలా కాదు. ఆమె ఒక నిర్దిష్టమైన ప్రశ్నతో వస్తుంది. ‘కుడి రొమ్ములో, పైభాగాన, చంక వైపు తగులుతున్న ఈ గడ్డ ఏమిటి?’ అనేది ఆ ప్రశ్న. దానికి జవాబు దొరకాలంటే గడ్డ ఉన్నచోట చర్మంపై గుర్తు పెట్టి చిత్రం తీయాలి. అవసరమైతే ఆ ఒక్క భాగాన్నే నొక్కి అదనపు చిత్రాలు తీయాలి. తరువాత సరిగ్గా అక్కడే అల్ట్రాసౌండ్ చేయాలి. చంకలోని బిళ్ళలను కూడా చూడాలి. అనుమానం ఉంటే సూదితో ముక్క తీయాలి. ఇదంతా రేడియాలజిస్టు దగ్గరుండి జరిపించవలసిన పని.

ఇంగ్లండు దేశంలో ఈ భేదాన్ని స్పష్టంగా పాటిస్తారు. అక్కడ 50 సంవత్సరాలు దాటినవారికి 71వ ఏడు వచ్చేవరకు, మూడేళ్ళకొకసారి మామోగ్రామ్ స్క్రీనింగుకు పిలుపు వస్తుంది. కాని 35 ఏళ్ళ స్త్రీకి కారణం తెలియని గడ్డ తగిలితే ఆమె ఆ పిలుపు కోసం ఎదురుచూడనవసరం లేదు. 30 సంవత్సరాలు, ఆపైన వయసు గల స్త్రీకి అటువంటి గడ్డ ఉంటే, నొప్పి ఉన్నా లేకపోయినా, క్యాన్సర్ అనుమానితుల త్వరిత మార్గంలో ప్రత్యేక వైద్యుల వద్దకు పంపాలని అక్కడి మార్గదర్శకాలు చెబుతున్నాయి.

మన దేశంలో పరిస్థితి ఏమిటి? జాతీయ స్థాయిలో మామోగ్రామ్ స్క్రీనింగ్ కార్యక్రమమే లేదు. 2016 నాటి కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం 30 నుండి 65 సంవత్సరాల స్త్రీలకు అయిదేళ్ళకొకసారి శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్త చేతితో రొమ్ములను పరీక్షించాలి. ఆచరణలో అది కూడా అంతంతమాత్రమే. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 30 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో ఎప్పుడైనా రొమ్ము క్యాన్సర్ కోసం పరీక్ష చేయించుకున్నవారు నూటికి ఒక్కరు కూడా లేరని తేలింది.

దీని అర్థమేమిటో ఆలోచించండి. మన దేశంలో రొమ్ము క్యాన్సర్ చాలావరకు స్క్రీనింగులో బయటపడదు. స్నానం చేస్తుండగానో, బిడ్డకు పాలిస్తుండగానో, బట్టలు మార్చుకుంటుండగానో స్త్రీ చేతికే తగులుతుంది. 2022 అంచనాల ప్రకారం మన దేశంలో ఆ ఒక్క సంవత్సరంలో సుమారు 1,92,000 మందికి కొత్తగా రొమ్ము క్యాన్సర్ వచ్చింది. సుమారు 98,000 మంది ఆ వ్యాధితో మరణించారు. ఇటువంటి దేశంలో గడ్డతో వచ్చిన స్త్రీని మనం ఎక్కడికి, ఏ విధంగా పంపుతున్నామన్నదే అన్నిటికంటె ముఖ్యమైన విషయం. ప్రచారమంతా స్క్రీనింగు చుట్టూ తిరుగుతుంటే ఆ విషయాన్ని పట్టించుకునేవారు లేకుండా పోయారు.

చేతి పరీక్షను చిన్నచూపు చూడనక్కరలేదు. ముంబయిలో టాటా మెమోరియల్ ఆసుపత్రి వారు 1998లో మొదలుపెట్టిన అధ్యయనంలో సుమారు లక్షన్నర మంది స్త్రీలు పాల్గొన్నారు. పరీక్షలు జరిపినది వైద్యులు కారు. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు. 2021లో ఫలితాలు వెలువడ్డాయి. పరీక్షలు జరిగిన వర్గంలో క్యాన్సర్లు తొలిదశలలో ఎక్కువగా బయటపడ్డాయి. మొత్తం మీద మరణాలలో కనిపించిన తగ్గుదల గణాంకపరంగా రూఢి కాకపోయినా, 50 సంవత్సరాలు, ఆపైన వయసు గలవారిలో రొమ్ము క్యాన్సర్ మరణాలు సుమారు 30 శాతం తగ్గాయి. అయితే అక్కడ కథ చేతి పరీక్షతో ముగియలేదు. తేడా కనిపించినవారిని ఆసుపత్రికి పంపి నిర్ధారణ జరిపించారు. వేళ్ళకు తగిలిన గడ్డ తరువాతి మెట్టుకు చేరకపోతే, తగిలినందువలన ప్రయోజనమేమిటి?

ఒంటి మాట చీటీ

ఇక మన చీటీలు చూద్దాం. ‘మామోగ్రఫీ, రెండు రొమ్ములు’ అని ఉంటుంది. క్రింద సంతకం. వయసు ఉండదు. ఎందుకు పంపుతున్నారో ఉండదు. గడ్డ ఏ వైపు ఉన్నది, ఎన్నాళ్ళుగా ఉన్నది, ఎంత పరిమాణంలో ఉన్నది, ఏమీ ఉండదు. పూర్వం శస్త్రచికిత్స జరిగిందా, కుటుంబంలో ఎవరికైనా రొమ్ము లేక అండాశయ క్యాన్సర్ వచ్చిందా, ఆమె గర్భిణియా, బాలింతా అన్న వివరాలు అసలే ఉండవు.

ఇంతకంటె విచారకరమైన సంగతి మరొకటి ఉంది. కొన్ని చీటీలు రొమ్మును చేతితో పరీక్షించకుండానే వ్రాయబడుతున్నాయి. స్త్రీ సిగ్గుపడుతుంది, పురుష వైద్యుడు సంకోచిస్తాడు, ప్రక్కన ఉండడానికి నర్సు ఉండదు. ఆ ఇబ్బంది నుండి ఇద్దరినీ తప్పించే సాధనంగా చీటీ ఉపయోగపడుతుంది. కాని చిత్రీకరణ చేతి పరీక్షకు తోడు మాత్రమే, దాని స్థానాన్ని అది తీసుకోలేదు. ఒక నర్సును పిలిచి, తెర వేసి, రెండు నిమిషాలు పరీక్షించడం వైద్యుని కర్తవ్యం.

ఆ చీటీ తీసుకుని సెంటరుకు వెళ్ళిన స్త్రీకి ఏమి జరుగుతుందో ఊహించండి. టెక్నీషియన్ అందరికీ తీసే నాలుగు చిత్రాలు తీస్తారు. వాటిని చదివే రేడియాలజిస్టు ఒక్కొక్కసారి మరొక ఊరిలో కంప్యూటరు ముందు కూర్చుని ఉంటారు. గడ్డ ఉన్నదని వారికి తెలియదు. గడ్డ రొమ్ము అంచున, చంకకు దగ్గరగా ఉంటే చిత్రంలోకి రాకపోవచ్చు. గ్రంథి కణజాలం దట్టంగా ఉన్న రొమ్ములో చిత్రమంతా తెల్లగా ఉంటుంది; క్యాన్సర్ కూడా తెల్లగానే కనిపిస్తుంది. సున్నం వేసిన గోడ మీద సున్నపు చుక్కను వెదకినట్లుంటుంది ఆ పని. వయసులో ఉన్న స్త్రీలకు రొమ్ములు ఇలా దట్టంగా ఉండడం సర్వసాధారణం.

స్క్రీనింగ్ మామోగ్రాములు, ఆ సమయానికి ఉన్న రొమ్ము క్యాన్సర్లలో సుమారు 20 శాతాన్ని పట్టుకోలేవని అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ చెబుతున్నది. ఇది యంత్రం లోపం కాదు, ఆ పరీక్షకు ఉన్న పరిమితి. కాని గడ్డ ఉన్న స్త్రీ చేతికి ‘అనుమానించదగినదేమీ లేదు’ అనే నివేదిక వచ్చినప్పుడు ఆమె ఏమనుకుంటుంది? గండం గడిచిందనుకుంటుంది. గడ్డ పెరుగుతున్నా, ‘మొన్ననే చూపించుకున్నాను కదా’ అని ఊరుకుంటుంది. తెలియకపోవడం వలన జరిగే ఆలస్యం కంటె ఇటువంటి తప్పుడు భరోసా వలన జరిగే ఆలస్యమే ఎక్కువ ప్రమాదకరం. తెలియనివారికి భయమైనా మిగిలి ఉంటుంది.

కనుక ఈ ఒక్క సూత్రం గుర్తుంచుకోండి: చేతికి గడ్డ స్పష్టంగా తగులుతున్నప్పుడు, మామోగ్రామ్ నార్మల్ అని వచ్చినంత మాత్రాన విచారణ ముగిసినట్లు కాదు.

ఎవరికి ఏ పరీక్ష?

లక్షణం ఉన్నవారందరికీ మామోగ్రామే మొదటి పరీక్ష కానక్కరలేదు.

30 ఏళ్ళ లోపు స్త్రీకి గడ్డ తగిలితే మొదట చేయవలసినది అల్ట్రాసౌండ్. ఆ వయసులో అత్యధికం ఫైబ్రో ఎడినోమా వంటి నిరపాయకరమైన గడ్డలే. 40 దాటినవారికి మొదట నిర్ధారణ కోసం తీసే మామోగ్రామ్, దానికి తోడుగా గడ్డ ఉన్నచోట అల్ట్రాసౌండ్. 30కి 40కి మధ్య వయసువారికి పరిస్థితిని బట్టి ఏదైనా మొదట చేయవచ్చు.

గర్భిణికి, పాలిచ్చే తల్లికి గడ్డ వస్తే ‘ప్రసవం కానీ, చూద్దాం’, ‘పాలు మాన్పించాక చూద్దాం’ అనడం పెద్ద తప్పు. అల్ట్రాసౌండ్ వెంటనే చేయవచ్చు. అవసరమైతే మామోగ్రామ్ కూడా తీయవచ్చు. గర్భస్థ శిశువుకు చేరే కిరణాలు అత్యల్పం. పాలిచ్చే తల్లి పరీక్షకు ముందు బిడ్డకు పాలిచ్చి వెళ్ళడం మేలు.

చనుమొన నుండి వచ్చే స్రావాలన్నీ ఒకటి కావు. పిండితేనే రెండు వైపులా, అనేక రంధ్రాల నుండి వచ్చే పాలవంటి, ఆకుపచ్చని స్రావం సాధారణంగా క్యాన్సర్ లక్షణం కాదు. దానంతట అదే, ఒకవైపే, ఒకే రంధ్రం నుండి నెత్తురుగానో నీటివలెనో కారితే మాత్రం తప్పక చిత్రీకరణకు పంపాలి. అది ఎక్కువమందిలో పాలనాళంలోని పాపిలోమా అనే నిరపాయకరమైన పెరుగుదల వలననే వస్తుంది. కాని క్యాన్సర్ లేదని రూఢి చేసుకోకుండా అలా అనుకోరాదు.

రొమ్ము ఎర్రబడి, వాచి, చర్మం నారింజ తొక్కవలె గుంటలు పడితే చాలాసార్లు ‘ఇన్ఫెక్షన్’ అని యాంటిబయాటిక్స్ ఇస్తారు. బాలింతలలో అది నిజమే కావచ్చు. ఒకటి రెండు వారాలలో తగ్గకపోతే మాత్రం మందు మార్చి ఊరుకోకూడదు. వాపు రూపంలో వచ్చే క్యాన్సర్ ఒకటుంది. చిత్రీకరణ, ముక్క పరీక్ష చేస్తే గాని అది బయటపడదు.

పురుషులకు కూడా రొమ్ము క్యాన్సర్ వస్తుంది; మొత్తంలో సుమారు ఒక శాతం. చనుమొన క్రింద ఒకవైపే గట్టి గడ్డ వచ్చిన పురుషుని నవ్వి పంపివేయకూడదు.

బీఆర్‌సీఏ వంటి జన్యుమార్పులు ఉన్న కుటుంబాల స్త్రీలది వేరే దారి. వారికి ఎమ్మారై పరీక్షలు 25వ ఏటి నుండి, మామోగ్రాములు 30వ ఏటి నుండి ప్రతి సంవత్సరం చేయించాలని అమెరికా మార్గదర్శకాలు సూచిస్తున్నాయి. అక్టోబరు ప్యాకేజీ వారికి చాలదు.

అవసరం లేనివారిని పంపడం

ఇదే అవివేకానికి రెండవ ముఖం ఒకటి ఉంది. ముట్టుకు ముందు రెండు రొమ్ములూ బరువెక్కి నొప్పి పుట్టడం పాతికేళ్ళ అమ్మాయిలలో సాధారణం. చేతి పరీక్షలో గడ్డ ఏదీ లేకపోతే ఆ నొప్పికి చిత్రీకరణతో పనిలేదు. ధైర్యం చెప్పడం, సరిగా అమరే లోదుస్తులు, అవసరమైతే నొప్పి మాత్ర చాలు. కాని ఆ అమ్మాయిని కూడా మామోగ్రాముకు పంపుతున్నారు. ఆ వయసు రొమ్ములో అది ఏమీ స్పష్టంగా చూపలేదు. ఏదో ఒక అస్పష్టమైన మాట నివేదికలో చేరుతుంది. ఇక భయం, మళ్ళీ పరీక్షలు, మళ్ళీ ఖర్చు.

ఇక ప్యాకేజీలలో చేర్చే సీఏ 15-3 అనే రక్తపరీక్ష రొమ్ము క్యాన్సరును కనిపెట్టడానికి పనికిరాదు. రొమ్ము ఉష్ణోగ్రతను చిత్రించే థర్మోగ్రఫీ మామోగ్రాముకు ప్రత్యామ్నాయం కాదని అమెరికా ఆహార ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది. ‘నొక్కడం లేదు, కిరణాలు లేవు’ అని ప్రచారం చేస్తే చాలదు. వ్యాధిని పట్టుకోవాలి కదా!

నివేదికలోని అంకెలు

నివేదిక చివర ‘బై-రాడ్స్’ అని ఒక అంకె ఉంటుంది. అది క్యాన్సర్ దశను తెలిపే అంకె కాదు. సున్నా అని ఉంటే చాలామంది ‘ఏమీ లేదు’ అని సంతోషిస్తారు. సున్నాకు అర్థం, పరీక్ష అసంపూర్ణమని. ఇంకా చిత్రాలో, అల్ట్రాసౌండో, పాత చిత్రాలతో పోలికో కావాలని. 1 అంటే ఏమీ కనిపించలేదని, 2 అంటే నిరపాయకరమని అర్థం. 3 అయితే క్యాన్సర్ అవకాశం రెండు శాతానికి మించదు. సాధారణంగా ఆరు నెలలలో మళ్ళీ చూస్తారు. 4, 5 అయితే ముక్క పరీక్ష అవసరం. 6 అంటే క్యాన్సర్ అప్పటికే నిర్ధారణ అయినదని.

చేతి పరీక్ష, చిత్రీకరణ, ముక్క పరీక్ష, ఈ మూడూ ఒకే మాట చెప్పినప్పుడే మనం నిశ్చింతగా ఉండగలం. ఒకటి వేరే మాట చెబితే, ఎక్కువ అనుమానం కలిగించే దానిని నమ్మి ముందుకు సాగాలి. వీలైనంతవరకు చిత్రీకరణ ముందు, సూది తరువాత జరగాలి. సూది వలన చేరిన నెత్తురు చిత్రాలను తికమక చేస్తుంది. ‘కెలికితే క్యాన్సర్ పాకుతుంది’ అనే భయంతో ముక్క పరీక్షను వాయిదా వేయకండి. వాయిదా వేసినందువలననే వ్యాధి ముదురుతుంది.

నాకు ఎదురయ్యే వాదనలు

‘ఓపీలో రోజుకు వందమందిని చూసేవారికి ఇంత వ్రాసే తీరిక ఎక్కడ?’ అని కొందరు వైద్య మిత్రులు అంటారు. వయసు, లక్షణం, వైపు, స్థానం, కాలవ్యవధి, కుటుంబచరిత్ర నాలుగు పంక్తులలో ఇముడుతాయి. రెండు వలయాలు ముద్రించిన ఒక ఫారం ఉంటే గడ్డ ఉన్నచోట గుర్తు పెట్టడానికి క్షణం చాలు. ఆ నాలుగు పంక్తులు లేనందువలన ఆమె మళ్ళీ రావడం, పరీక్షలు మళ్ళీ చేయడం జరిగితే పోయేది మన కాలమే.

‘రేడియాలజిస్టే అడిగి తెలుసుకుంటారు’ అని మరికొందరు అంటారు. మంచి రేడియాలజిస్టులు అడుగుతారు, నిజమే. కాని ఆమెను వారు చూడనే చూడకపోతే? వైద్యునికి చెప్పడానికే సిగ్గుపడిన స్త్రీ, ముక్కు మొహం తెలియని టెక్నీషియనుకు తనంతట తాను చెబుతుందని ఎలా నమ్మగలం?

‘అసలేమీ చేయించుకోకపోవడం కంటె ప్యాకేజీ నయం కదా!’ అనేది మూడవ వాదన. లక్షణాలు లేని నలభై అయిదేళ్ళ స్త్రీ మంచిచెడులు తెలుసుకుని మామోగ్రామ్ చేయించుకుంటే నాకు అభ్యంతరం లేదు. గడ్డ ఉన్న స్త్రీకి ఆ ప్యాకేజీనే అమ్మడాన్ని నేను ఖండిస్తున్నాను. నిర్వాహకులు నిజంగా సేవాభావం కలవారైతే ప్రకటనలో ఒక వాక్యం చేర్చాలి: ‘మీకు గడ్డ, స్రావం, చర్మంలో మార్పు ఉంటే ఈ ప్యాకేజీ మీకు కాదు, ముందు వైద్యునికి చూపించుకోండి.’ ఆ వాక్యం వ్రాయడానికి వెనుకాడేవారిది అవగాహన ప్రచారం కాదు, వ్యాపారం.

ఏమి జరగాలి?

లక్షణంతో వైద్యుని వద్దకు వచ్చిన నాటి నుండి 60 దినాలలోగా చిత్రీకరణ, ముక్క పరీక్ష, నిర్ధారణ పూర్తి కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ లక్ష్యం నిర్దేశించింది. మన జిల్లా ఆసుపత్రులలో దీనిని సాధించాలంటే కొత్త నినాదాలు అక్కరలేదు. గడ్డతో వచ్చిన స్త్రీకి ఒక ప్రత్యేకమైన వరుస, వివరాలతో కూడిన చీటీ, ఒకే చోట మామోగ్రామ్, అల్ట్రాసౌండ్, ముక్క పరీక్ష ఉండాలి. నివేదిక వచ్చాక ఆమెను తిరిగి పిలిచే బాధ్యత ఒకరికి అప్పగించాలి. చికిత్సకు ఎన్ని పథకాలున్నా, నిర్ధారణ దగ్గరే స్త్రీ ఆగిపోతే అవి ఆమెకు అందవు.

అది జరిగేవరకు పాఠకులు తమంతట తాము చేయగలిగినవి కొన్ని ఉన్నాయి.

1. గడ్డ, నెత్తుటి స్రావం, చనుమొన కొత్తగా లోపలికి పోవడం, చర్మం సొట్టపడడం, చంకలో బిళ్ళ, వీటిలో ఏది కనిపించినా నొప్పి లేదని ఊరుకోకండి. క్యాన్సర్ గడ్డలు చాలావరకు నొప్పి పుట్టించవు.

2. ముందు వైద్యునిచేత చేతి పరీక్ష చేయించుకోండి. నర్సు ప్రక్కన ఉండాలని అడగడం మీ హక్కు.

3. చీటీ చేతికి రాగానే చదవండి. మీ లక్షణం, వైపు, స్థానం అందులో లేకపోతే, ‘డాక్టరు గారూ, గడ్డ సంగతి ఇందులో వ్రాయండి’ అని అడగండి.

4. పరీక్ష చేసేవారికి గడ్డ ఉన్నచోటు మీ వేలితో చూపించండి. మామోగ్రామ్ తీసే రోజున చంకలలో పౌడరు, సెంటు వాడకండి. పాత చిత్రాలు ఉంటే వెంట తీసుకువెళ్ళండి.

5. నివేదికను చీటీ వ్రాసిన వైద్యునికే తిరిగి చూపించండి. నార్మల్ అని వచ్చినా గడ్డ అలాగే ఉంటే, ‘మరి ఈ గడ్డ ఏమిటి?’ అని అడగండి.

చేతికి తగిలే గడ్డలలో ఎక్కువభాగం క్యాన్సర్లు కావు. కనుక భయపడి దాచుకోవలసిన పనిలేదు. కాని మీ గడ్డ ఏమిటో తేలేవరకు ఆ అయిదవ ప్రశ్నను విడిచిపెట్టకండి. దానికి జవాబు చెప్పడం మీ వైద్యుని బాధ్యత.